తలుపుకి అడ్డం పెట్టిన పొత్రం

మా అమ్మాయి పోయిన సంగతి నాకు కాకినాడ ఆసుపత్రి మెట్ల మీద తెలిసింది. చేతిలో క్యారేజీ ఉంది. అందులో బియ్యపు జావ, నిమ్మకాయ బద్ద. "నోరు చేదుగా ఉందమ్మా, రేపు జావ తే" అని ముందురోజు తనే అడిగింది. అల్లుడు ఎదురొచ్చి క్యారేజీ నా చేతిలోంచి తీసుకున్నాడు. తీసుకున్న తీరులోనే అర్థమైపోయింది.

మామూలు జ్వరం అనుకున్నాం. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. వారం తిరక్కుండా అయిపోయింది. దాని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

కార్డు మీద "ప్రభువునందు నిద్రించెను" అని వేశారు. అందరికీ అలాగే వేస్తారు, తప్పు పట్టను. కానీ మా అమ్మాయి నిద్ర మనిషి కాదండి. ఆదివారం వస్తే కోడికంటే ముందు లేచి, చర్చి తాళం తీయించి, సండేస్కూలు గది ఊడ్చుకునేది. మిగతా రోజుల్లో రామచంద్రపురంలో ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆదివారం మా సంఘం పిల్లలకి టీచరు. ఊళ్ళో అందరూ టీచరమ్మ అనేవారు. నేను మాత్రం అమ్మాయీ అనేదాన్ని.

సంఘం పత్రికలో నాలుగు మాటలు రాయమని మా పాస్టరుగారు అడిగారు. ఆయన్ని మేం అయ్యగారు అంటాం. "నాకు నాలుగో తరగతి చదువు అయ్యగారూ, ఏం రాస్తాను" అన్నాను. "మాట్లాడినట్టే రాయండమ్మా, ఆయ్" అన్నారు. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

భూస్థాపన రోజు అమ్మాయిని చర్చిలో ముందు పెట్టారు. జనం బాగా వచ్చారు. పాట పాడుతుంటే నేను పక్కకి చూశాను. సండేస్కూలు గది తలుపు మూసి ఉంది. వచ్చినవాళ్ళ సంచులు, హెల్మెట్లు లోపల పెట్టి, కాళ్ళకి తగులుతోందని, ఆ తలుపుకి అడ్డం పెట్టే పొత్రాన్ని ఎవరో బయట క్రోటన్ మొక్కల్లోకి దొర్లించేశారు. ఆ మూసిన తలుపు చూసేసరికి నాకు ఏడుపు ఆగిపోయింది. దీన్ని మళ్ళీ ఎవరు తెరుస్తారు? ఇంతమందిలో ఒక్కరికైనా తోస్తుందా? అప్పట్నుంచి నాకు అదే ఆలోచన.

ఆ పొత్రం మా ఇంటిదే. రుబ్బురోట్లో తిప్పుకునే రాయి. గ్రైండరు కొన్నాక రోలు పెరట్లో బోర్లా పడుంది, పొత్రం మందారం మొదట్లో ఉండేది. ఆ గది గోడ ఒక పక్కకి కుంగిపోయి, తలుపు ఎంత తీసినా దానంతటదే మూసుకుపోయేది. మా అమ్మాయి చెక్కముక్క పెట్టింది, ఆగలేదు. ఇటుక పెట్టింది, పగిలింది. ఒక ఆదివారం పొత్రాన్ని స్కూటీ ముందు, కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకుపోయింది.

మా సంఘ పెద్దగారు వాకిట్లోనే నవ్వారట. "ఏంటమ్మా టీచరూ, చర్చిలో పచ్చడి నూరుతావా?"

"నూరాల్సింది చాలానే ఉందండీ బాబాయిగారూ" అందట మా అమ్మాయి.

పిల్లలున్న గది తలుపు తీసే ఉండాలని తను పట్టుబట్టింది. పిల్లల దగ్గర పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, ఒక్కరే ఉండకూడదంది. బయటూరి నుంచి ప్రసంగానికి వచ్చినవాళ్ళు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తామన్నా అందరూ చూస్తుండగానే చెయ్యాలంది. మాకు అది కొత్త. మా వైపు ఎట్లాగంటే, పెద్ద దైవజనుడొచ్చాడంటే పిల్లని మనమే గదిలోకి తోసి, బయట తలుపు దగ్గరకేసి, చేతులు కట్టుకుని నిలబడతాం. ఆశీర్వాదం దొరుకుతోందని మురిసిపోతాం. నా పిల్లల్నీ అలాగే పంపాను. ఎవరూ చెప్పలేదు మరి.

ఉజ్జీవ కూటాలకి ప్రసంగం చెప్పడానికి వచ్చిన ఒకాయన ఆ పొత్రం చూసి, "తలుపు వెయ్యండమ్మా, ఆత్మకార్యానికి ఆటంకం" అన్నారు.

"మన దేవుడు తలుపు తీసున్నా లోపలికి రాగలడండి" అని, మా అమ్మాయి స్టూలు జరుపుకుని గుమ్మంలో కూర్చుంది.

ఇంటికొచ్చాక నేను కేకలేశాను. "అంత పెద్దాయన్ని అట్లా అనొచ్చా? ఆయన మంచాయన కాదా ఏంటి?"

"మంచాయనే అయ్యుంటారమ్మా. తలుపు తీసుంటే మంచోడికి పోయేదేముంది?" అని జడ విప్పుకుంటూ నవ్వింది.

తన అలవాట్లు రాయమంటే మొదట చెప్పులే గుర్తొస్తాయి. క్లాసయ్యాక మెట్ల దగ్గర నిలబడి చెప్పుల వంక చూసేది. పిల్లలు ఒక్కొక్కరే తొడుక్కుని వెళ్తుంటే, చివరి జత కదిలేదాకా తను కదిలేది కాదు. ఒక జత మిగిలిందంటే ఒక పిల్ల లోపలెక్కడో ఉందన్నట్టు. వెనక్కెళ్ళి వెతికేది. ఎండైనా అంతే, వానైనా అంతే. గొడుగు నాకిచ్చి తను తడిసిన రోజులున్నాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి మతి సరిగా లేని ఒకామెని అన్నదమ్ములు వదిలేసి పోయేవారు. ఆవిడ చెప్పుల్ని కూడా పిల్లల చెప్పుల పక్కన పెట్టేది. "పెద్దవాళ్ళలోనూ కనిపెట్టుకోవాల్సినవాళ్ళు ఉంటారమ్మా" అని, ఆవిడ పక్కన ఎవరో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టేది.

ఇప్పుడు రాసేది ఒక పాప సంగతి. ఆ పాపనీ, పాప తల్లినీ అడిగే రాస్తున్నాను. పేర్లు రాయను.

వేసవి సెలవుల్లో మా చర్చిలో వీబీఎస్ అని పిల్లలకి బైబిలు బడి పెడతారు. పాటలు, కథలు, బొమ్మలు. మండపేట మిల్లుల్లో పనికి వెళ్ళే తల్లులకి అది పెద్ద ఆసరా, పిల్లల్ని పొద్దున్నే వదిలి వెళ్తారు. పాటలు నేర్పేది మా పెద్దగారి మేనల్లుడు. కీబోర్డు బాగా వాయిస్తాడు. అందరికీ ఇష్టమే. నేనూ వాడికి పులిహోర కట్టించాను. వాడు కొందరు పిల్లలకి చాటుగా చాక్లెట్లు ఇస్తున్నాడని తెలిసి మా అమ్మాయి అంది: "చాక్లెట్ ఇవ్వాలంటే అందరి ముందూ ఇవ్వు తమ్ముడూ. చాటుగా ఇచ్చేది చాక్లెట్ కాదు." వాడు నవ్వేశాడు. మేమూ నవ్వేశాం.

మిల్లుకెళ్ళే ఒకామె కూతురు, గట్టిగా పాడే పిల్ల, ఉన్నట్టుండి పాడటం మానేసింది. పాటల టైముకి వచ్చి మా అమ్మాయి చీర కుచ్చిళ్ళ దగ్గర కూర్చునేది. మా అమ్మాయి ఏమీ గుచ్చి అడగలేదు. మెట్ల దగ్గర చెప్పులు సర్దుతుంటే ఆ పిల్లే అంది:

"టీచర్, మీరు వంటల దగ్గరికెళ్ళినప్పుడు కీబోర్డన్నయ్య రాయి తీసేస్తాడు."

అంతే అంది. తర్వాత ఇంకొంచెం చెప్పింది. అది ఇక్కడ అక్కర్లేదు.

మా అమ్మాయి పిల్ల పక్కనే మెట్టు మీద కూర్చుని, "నాకు చెప్పి మంచి పని చేశావు. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు" అంది. మిల్లుకి కబురు పెట్టి తల్లిని పిలిపించింది. ఆమె ఒళ్ళంతా తవుడు దుమ్ముతోనే పరిగెత్తుకొచ్చింది. విని నోట్లో కొంగు కుక్కుకుంది. "బయట తెలిస్తే నా పిల్ల గతి ఏంటి టీచరమ్మా?" అంది. "బయట తెలియకపోతే రేపు ఇంకో పిల్ల గతి ఏంటక్కా? నేను నీ పక్కనే ఉంటాను" అంది మా అమ్మాయి. పిల్లల హెల్ప్‌లైన్‌కి తనే ఫోన్ చేసింది. మామూలు బట్టల్లో ఒక లేడీ కానిస్టేబులు వచ్చి, పాప ఇంట్లో చాప మీద కూర్చుని మాట్లాడింది.

సాయంత్రానికి పెద్దగారు మా అరుగు మీదున్నారు.

"వదినగారూ, మీరైనా చెప్పండి. సంఘంలో మాట సంఘంలో ఉండాలి. కుర్రాడి బతుకు పాడైపోద్ది. క్షమించమని కాదా వాక్యం?"

నేను టీ గ్లాసు ఆయన పక్కన పెట్టాను. మా అమ్మాయే అంది. "క్షమించాల్సింది మీరూ నేనూ కాదు బాబాయిగారూ. ఆ పాప. పెద్దయ్యాక దాని ఇష్టం. ఇప్పుడు చెప్పాల్సిన చోట చెప్పడం మన పని."

"నిన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎత్తుకు తిప్పానే!"

"అందరి ముందే కదండీ తిప్పారు."

ఆయన కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. నేనిచ్చిన టీ అలాగే ఉండిపోయింది.

అయ్యగారు మొదట తడబడ్డారు. ఆ మాట ఆయనే ఇప్పుడు ఒప్పుకుంటారు. మూడో ఆదివారానికి ప్రసంగ వేదిక మీద నిలబడి, "కేసు మనం ఆపం. తలుపు నియమం టీచరుగారిది కాదు, సంఘానిది" అన్నారు. రెండు మూడు కుటుంబాలు వేరే చర్చికి వెళ్ళిపోయాయి. క్రిస్మస్‌కి మా ఇంటికి పాటలకి రాలేదు కొందరు. చేపల బజారులో నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు. "నీకెందుకే ఇదంతా" అని ఏడిస్తే మా అమ్మాయి, "నువ్వు మొహం తిప్పుకోకు, చాలు" అంది. కేసు కోర్టులో ఉంది. వాడు ఊళ్ళో లేడు. పెద్దగారు చర్చికి వస్తూనే ఉన్నారు, తన కుర్చీలో తను కూర్చుంటారు. మా అమ్మాయితో మళ్ళీ మాట్లాడలేదు. ఆసుపత్రిలో ఉందని తెలిసి కొబ్బరిబొండాలు మాత్రం పంపారు.

భూస్థాపన అయ్యాక వచ్చిన ఆదివారం నేను పెందలాడే చర్చికి వెళ్ళాను. పొత్రం ఎవరూ తేరు, నేనే తేవాలనుకున్నాను. వెళ్ళేసరికి క్రోటన్ల దగ్గర ఆ పాప ఉంది. రెండు చేతులతో పొత్రాన్ని దొర్లిస్తోంది. గౌను నిండా మట్టి.

"తప్పుకో తల్లీ, కాలి మీద పడుద్ది. అది పెద్దవాళ్ళు ఎత్తాల్సిందమ్మా, నువ్వు కాదు" అన్నాను.

వంగాను. మోకాళ్ళు పట్టేశాయి, రాయి లేవలేదు. ఇంకోసారి వంగాను. వరండాలో కుర్చీలు వేయిస్తున్న పెద్దగారు అటు తిరిగి చూశారు. నేను పిలవలేదు. ఆయన నిదానంగా మెట్లు దిగొచ్చారు. పాప నా వెనక్కి వచ్చేసి నా కొంగు పట్టుకుంది.

"ఎక్కడ పెట్టాలి వదినగారూ?" అన్నారు. ఎక్కడో ఆయనకి తెలుసు.

"అదే చోటండి."

తెల్ల పంచెకి మట్టి అంటుతున్నా పొట్టకి ఆనించుకుని ఎత్తారు. గది తలుపు కాలితో బార్లా తెరిచి, గుమ్మంలో దించారు. లేచి చేతులు దులుపుకున్నారు. పాప వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. కుర్చీల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆయన దూరం వెళ్ళాకే పాప నా కొంగు వదిలింది. ఆయన మనసులో ఏముందో నాకు తెలీదు. తలుపు మాత్రం తీసి ఉంది.

పిల్లలు వచ్చారు. ఎవరు చెప్పాలో తెలియక అయ్యగారి భార్యా, పాప తల్లీ ఇద్దరూ కలిసి కథ చెప్పారు. తడుముకుంటూ చెప్పారు. నేను గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నాను. నాకు కథలు చెప్పడం రాదు. చూడటం వచ్చు.

క్లాసయ్యాక మెట్ల దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ఎండ బాగా ఉంది. పిల్లలు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కుని, "వెళ్ళొస్తాం మామ్మగారూ" అని వెళ్తున్నారు. పాప తన చెప్పులు వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. మెట్టు మీద ఇంకా ఒక జత మిగిలింది. ఎవరు ఉండిపోయారా అని గదిలోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ వచ్చి చూసుకున్నాను.

నావే.