స్టార్టర్ మోటారుకి బొట్టు పెట్టిన రోజు

ఆ రోజుల్లో, అంటే కలకత్తా సాల్ట్ లేక్‌లో నా మొదటి ఉద్యోగం కొత్తల్లో, పుస్తకంలో రాసి ఉన్న పని ఏదైనా సరే చదివితే చేతికి వచ్చేస్తుందని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఈత కూడా అలాగే నేర్చుకుందామనుకున్నాను గానీ మా అమ్మ అడ్డుపడి బతికించింది. ఇప్పుడు న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంట్ కింద నిలబెట్టిన కొత్త కారు బోనెట్ ఎటువైపు తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదు. అదేమైనా మూలిగితే ఫోన్లో మీట నొక్కుతాను, ఎవరో వచ్చి తీసుకుపోతారు. అలాంటి నేను ఒకప్పుడు పాతకాలపు జర్మనీ కారుని, అదీ పెద్ద దొరలు వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని తిరిగే రకం కారుని, మా మావయ్యతో కలిసి ముక్కలు ముక్కలుగా విప్పేవాణ్ణంటే మా ఆవిడ ఈనాటికీ నమ్మదు. (నమ్మకపోవడమే మంచిది. నమ్మితే మిక్సీ బాగుచెయ్యమంటుంది.)

అప్పట్లో నేనుండేది వాళ్ళింట్లోనే. మావయ్య ఖిదిర్‌పూర్ డాకులో, అంటే ఓడరేవులో, క్రేను నడిపేవాడు. శ్రీకాకుళం పక్క నుంచి వాళ్ళ నాన్న పొట్ట చేతపట్టుకుని వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, కోపంలో హిందీ మాట్లాడేవాడు. వీధి వీధంతా ఆయన్ని 'క్రేన్‌దా' అనేది (దాదా అంటే అక్కడ అన్న). వయసులో ఉండగా ఆయన ఒక ఓడలోంచి అచ్చం అలాంటి కారునే కిందికి దించాడట. "గుడ్డుని దించినట్టు దించినానురా అల్లుడూ, గీత పడితే ఒట్టు" అని కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాడు. ఆ గుడ్డు మీద మోజు తీరక, రిటైరవబోయే ఏడాది, ఓడల కంపెనీ ఆఫీసరొకాయన విసుగెత్తి వదిలించుకుంటున్న పాత కారుని ఇంటికి తెచ్చుకున్నాడు. దానికో లక్ష్యం కూడా ఉంది. విశ్వకర్మ పూజనాడు డాకులోకి పనివాళ్ళ కుటుంబాలన్నిటినీ రానిస్తారు. మా అత్త పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటేటా ఆ పూజకి బస్సులో నిలబడి వెళ్ళిన మనిషి. ఉద్యోగంలో ఉండగా మావయ్యకి అదే ఆఖరి పూజ. "ఈసారి మీ వదిన కార్లోంచి దిగుతాది, సూసుకోండి" అని డాకులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

చెప్పుకోవడం తేలికే, కారు మాత్రం నడిచేదాని కన్నా ఆగేది ఎక్కువ. అప్పుడే నేను కాలేజ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద ఇటుకంత మందాన ఉన్న రిపేరు పుస్తకం పట్టుకొచ్చాను. ఎవరో మెకానిక్ దాన్ని నూనె చేతులతో చదివినట్టున్నాడు, సగం పేజీలు వాటంతటవే అద్దంలా మెరిసేవి. (అందులో స్టీరింగు ఎడమవైపు ఉన్న కారు బొమ్మలుండేవి. పుస్తకం కుడి అంటే మేము ఎడమ అనుకోవాలి, ఇంజిను దగ్గరకొచ్చేసరికి మాత్రం మళ్ళీ కుడే.) ఆదివారం వచ్చిందంటే నేను స్టూలు మీద కూర్చుని పంతులుగారిలా చదివేవాణ్ణి, మావయ్య పీటల మీద యజమానిలా నేను చెప్పింది చేసేవాడు. విప్పడం వరకూ ఆ పుస్తకం అంత మంచి పుస్తకం లేదు, బొల్టు బొల్టుకీ బొమ్మ వేసి చెప్పేది. బిగించడం దగ్గరకొచ్చేసరికి 'విప్పిన వరసకి తలకిందులుగా బిగించవలెను' అని ఒక్క ముక్క చెప్పి తప్పుకునేది. దాంతో ప్రతి ఆదివారం సాయంత్రం ఒకటో రెండో బొల్టులు మిగిలిపోయేవి. అత్త వాటిని ఖాళీ ఊరగాయ సీసాలో వేసి దాచేది. "సీసా నిండితే ఇంకో కారు అవుతాది" అనేది.

పూజ ముందురోజుకి కారు నిజంగానే నడుస్తోంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం ఎవరో పళ్ళు నూరుతున్నట్టు ఒక చప్పుడు. ఉండనీ మావయ్యా అన్నాను. ఆయనకి మనసొప్పలేదు. "అంతమంది జనాల్లో ఆ సౌండు బాగోదురా. ఏటి రాసుందో సూడు." పుస్తకంలో స్టార్టర్ మోటారు విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించవలెను అని ఉంది. విప్పాం, శుభ్రం చేశాం. బిగించబోయేసరికి వాన దంచింది. తెల్లారి బిగించేద్దాంలే అని మోటారూ, స్పానర్లూ, పుస్తకం అన్నీ ఇంట్లో పెట్టి పడుకున్నాం.

తెల్లారి లేచి చూద్దును కదా, అత్త తలంటుకుని పూజ చేసేసి కూర్చుంది. పీట మీద ఎర్రగుడ్డ, దాని మీద చిన్న విశ్వకర్మ బొమ్మ, ముందు కడిగి తుడిచిన స్పానర్లు వరసగా, నడిమధ్య మా స్టార్టర్ మోటారు, దానికి గంధం, కుంకుమ బొట్టు, నెత్తిన మందార పువ్వు. రిపేరు పుస్తకానికి నాలుగు మూలలా పసుపు. నిజం చెప్పాలంటే ఆ మోటారు అంత కళగా ఎన్నడూ లేదు.

"అత్తా, ఆ మోటారు కారుకి బిగించాలి" అన్నాను.

"రేపు బిగించుకో బావూ. పూజలో ఎట్టీసినాక ఇయ్యాల పనిముట్టు ముట్టుకోకూడదు."

"అది లేకపోతే కారు కదలదత్తా."

"నాను కత్తిపీట కూడా ఎట్టీసినాను. ఇయ్యాల మనకి కూర కూడా లేదు. మీ మోటారుకొకటీ, నా కత్తిపీటకొకటీ నాయమేటి?"

మావయ్య వైపు తిరిగాను. తెల్ల ప్యాంటు, ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఇయ్యాల డాకులో క్రేన్లన్నీ ఆపీసి కూకుంటారు. ఓడొచ్చినా దించరు. నాను స్పానరు పట్టుకుంటానేటిరా?" అన్నాడు. టాక్సీ పిలుస్తానన్నాను, తల అడ్డంగా ఊపాడు. బస్సులో వెళ్దాం, ఎప్పుడూ వెళ్ళట్లేదేటి అంది అత్త. ఆయన వెళ్ళి కార్లో స్టీరింగు ముందు కూర్చుని తలుపు వేసుకున్నాడు. అంత పెద్ద మనిషి బొమ్మకారులో పిల్లాడిలా కూర్చున్నాడు.

కలకత్తాలో గాలిపటాలు ఎగరేసేది ఆ పూజనాడే, మా గల్లీలో అప్పటికే మేడలన్నీ గాలిపటాలతో నిండిపోయాయి. ఎదురు మేడ మీంచి మా వీధి క్లబ్బు సెక్రటరీ దాదా చూశాడు. "క్రేన్‌దా, గాడీర్ కీ హోలో?" కారుకేమైందని. నా వచ్చీరాని బెంగాలీలో సంగతి చెప్పాను. దారం చరఖా పక్కవాడి చేతిలో పెట్టి దిగొచ్చాడు, వెనకాలే నలుగురైదుగురు దిగారు. నేను పుస్తకం కంఠతా వచ్చినవాణ్ణి కనుక, ఇది ఆటోమేటిక్ గేరు బండి, తోస్తే స్టార్టవదు అని ఉపన్యాసం మొదలుపెట్టాను. దాదా నా వైపు జాలిగా చూశాడు. "స్టార్ట్ కే కోర్చే? ఠేలే నియే జాబో." స్టార్ట్ ఎవడు చేస్తాడు, తోసుకునే పోదామని.

అందరం అత్త వైపు చూశాం. అత్త కాసేపు ఆలోచించింది. "తొయ్యడానికి పనిముట్టు అక్కర్లేదు గదా" అని తీర్పు చెప్పి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తీరా ఎక్కబోతూ, "నానెక్కితే బరువైపోదేటి?" అని ఆగింది. మావయ్య అద్దం దించి "నువ్వు ఎక్కకపోతే ఇదెందుకే" అన్నాడు. ఎక్కింది.

డాకు గేటు రెండు బస్సు స్టాపుల దూరం, దారిలో రెండు మలుపులు. ఇంజిను ఆగిన బండికి స్టీరింగు ఓ పట్టాన తిరగదు, బ్రేకు దిగదు. మావయ్య చెమటలు కక్కుతూ రెండు చేతులా తిప్పుతూ, నవ్వుతూ, దారి పొడుగునా హారన్ మోగిస్తూనే ఉన్నాడు. బెంగాలీలు హెఁయియో అంటే నేను హైలెస్సా అనేవాణ్ణి. వెనక ఇరుక్కుపోయిన బస్సు కండక్టరు మొదట తిట్టాడు, తరవాత దిగి తోశాడు, ఆ తరవాత ప్రయాణికుల్ని కూడా దింపాడు. గేటు కనిపించేసరికి డాకులోని మనవాళ్ళు ఎదురొచ్చి చేతులు వేశారు. నాకు తొయ్యడానికి చోటు దొరక్క పక్కన నడిచాను. ఢాకీ వాళ్ళ డప్పుల మధ్య తలుపు తెరుచుకుని మా అత్త దిగింది. కళ్ళు తుడుచుకుంటూనే చుట్టూ చూసింది, తెలిసినవాళ్ళందరూ ఉన్నారా లేదా అని.

"ఇంజిను పాడైపోనాదేటన్నా?" అన్నాడెవరో.

"పూజరోజు గదరా. దానికీ సెలవిచ్చినాను" అన్నాడు మావయ్య.

అంత భక్తి ఎవరికుంటుందని ఆ సాయంత్రం వరకూ చెప్పుకున్నారు. (ప్రసాదం ఖిచురీ తిన్నాక మళ్ళీ తోసుకునే ఇంటికొచ్చాం. మర్నాడు మోటారు బిగించాం. ఒక బొల్టు మిగిలింది.)

ఆ కారు ఎప్పుడో వెళ్ళిపోయింది, పసుపు మరకల పుస్తకం మాత్రం అత్త దేవుడి గూట్లో ఉంది. కిందటేడు పూజకి నా కొత్త కారులో వెళ్తే, బొట్టు పెట్టి "దీని పుస్తకమేది?" అంది. ఫోన్లో ఉందత్తా అన్నాను. "అయితే ఇలగియ్యి" అని ఫోనుకి బొట్టు పెట్టి విశ్వకర్మ ముందు పెట్టేసింది, రేపొచ్చి పట్టుకెళ్ళమంది. నేను గాలిపటాలు ఎగరేసి, ఓడిపోయి, సాయంత్రం కార్లో కూర్చున్నాను. మేడ మీంచి మావయ్య వంగి చూశాడు, పక్కన దాదా కూడా ఉన్నాడు, ఇద్దరికీ జుట్టు తెల్లబడిపోయింది.

"నడుస్తాదేటిరా, తోసీమంటావా?"

ఒక్క క్షణం ఆశపడి స్టార్టు మీట నొక్కాను. పాడు బండి, ఒక్క నొక్కుకే స్టార్టయిపోయింది.