చిగుళ్ళ కాపలాకి బెల్లం బత్తెం

తన పన్ను తానే ఊడగొట్టుకోవాలంటే రాయి అక్కర్లేదు, దెబ్బలాట అక్కర్లేదు. కాస్త భక్తి, కాస్త బెల్లం, సగం విన్న మాట ఒకటి ఉంటే చాలు. ఆ ఘనకార్యం నేనెలా సాధించానో చెబుతాను, నవ్వుకోండి.

అరవైల చివర్లో సంగతి. గజపతినగరం దగ్గర పల్లెలో, వరి పండించుకునే ఇంటికి నేను కోడలినై వచ్చి నాలుగేళ్ళు. బడి మొహం చూడనిదాన్ని. మా నాన్నగారు ఇంట్లోనే నాలుగక్షరాలూ, నలభై కీర్తనలూ నేర్పారు. ఆ పుణ్యాన, ఆ యేడు ధనుర్మాసంలో రామమందిరంలో పాట ఎత్తుకునే పని నాకప్పగించారు. ఎంత భాగ్యం! కాని కార్తీకంలోనే నా పై ముందుపన్ను ఒకటి ఊగడం మొదలుపెట్టింది. పళ్ళు తోముకునే పందుంపుల్ల తగిలితే నెత్తురు. ముందుపన్ను లేకుండా మందిరంలో నోరు తెరవడమెలా? మీరే చెప్పండి.

అత్త నన్ను విజయనగరంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చిన్న అద్దం పెట్టి చూశాడు.

"పళ్ళ మొదట్లో గార పేరుకుందమ్మా. అందులో క్రిములు కాపురం పెట్టాయి. వాటిని తరమడానికి మీ ఒంట్లోని కాపలావాళ్ళు నెత్తురు దారిన వచ్చి పడుతున్నారు. ఈ వాపంతా వాళ్ళ హడావుడే. అయితే..."

"అయితే గియితే తరవాత! బస్సెల్లిపోతంది, నడువే!" అని అత్త నా రెక్క పట్టుకుంది.

"సోమవారం రండి, గార గీకేస్తాను!" అని డాక్టరు గుమ్మంలోంచి కేకేశాడు.

బస్సులో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. నేను అడగకుండానే, జీతం లేకుండానే, నా నోట్లో కాపలా!

"ఏటే, పన్ను సలుపుతన్నాదా?"

"లేదత్తా. దేవుడెంత దయామయుడో!"

"పన్ను ఊగుతంటే దయేటే? మతి గాని ఊగుతన్నాదా?"

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కళ్ళంలో ధాన్యం ఉన్నన్నాళ్ళూ కాపలావాళ్ళకి సాయంత్రం బెల్లం ముక్క పంపాలి. పంపనిదే అత్త మెతుకు ముట్టదు. "కాపలావోడి నోరు సేదైతే గింజ దక్కదే" అనేది. కళ్ళం కాపలాకి బెల్లం పెట్టి, చిగుళ్ళ కాపలాని పస్తుంచడం ఏ న్యాయం? రోజూ దీపం పెట్టాక ఉసిరికాయంత బెల్లం పెదవికీ చిగురుకీ మధ్య దోపి, కళ్ళు మూసుకుని, "తినండి నాయనలారా, కాయండి" అనేదాన్ని. అటువైపు పందుంపుల్ల మానేశాను. పనిలో ఉన్నవాళ్ళని పుల్లతో పొడుస్తామా?

సోమవారం వచ్చింది. "గీకితే కాపలావాళ్ళకి తగుల్తుందేమో అత్తా" అన్నాను.

"నీ పన్ను, నీ ఇష్టం. నాకు కళ్ళం పనున్నాది."

నెల తిరిగేసరికి చిగురు నేరేడుపండులా నిగనిగలాడింది. సేన పెరిగిందని నేను మురిసిపోయాను! పన్ను మాత్రం తోరణంలో మామిడాకులా గాలికి కూడా ఊగుతోంది. ధనుర్మాసానికి రెండు రోజులుందనగా అన్నం మెతుక్కే అడ్డం తిరిగింది. అత్తా నేనూ మళ్ళీ విజయనగరం పరుగెత్తాం.

"పన్ను పట్టుకున్న ఎముక కరిగిపోయిందమ్మా. 'అయితే' అన్నాను, విన్నారా? క్రిములు గారలో దాక్కుంటాయి, కాపలావాళ్ళకి అందవు. అందకపోయినా వీళ్ళు పోరు ఆపరు. ఆ పోరు ముదిరితే కరిగేది మన ఎముకే. చెరుపు క్రిములది మాత్రమే కాదు, మన కాపలాది కూడా అని ఇప్పుడిప్పుడే పెద్దలు అనుకుంటున్నారు."

"అంటే కంచే చేను..." అన్నాను.

"మేసింది. కంచెదేం తప్పు? గార తీసేస్తే ఊరుకునేది."

"మరి నేను వాళ్ళకి పెట్టిన బెల్లం?"

"బెల్లమా? ఎవరికి?"

చెప్పాను. డాక్టరు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "అది కాపలావాళ్ళకి ముట్టలేదమ్మా. క్రిములే తిన్నాయి."

"ఓలమ్మో!" అత్త నెత్తి కొట్టుకుంది. "నెల్లాళ్ళు దొంగలకి బత్తెం పోసినాదా ఈ గుంట!"

పన్ను ఆయన రెండు వేళ్ళకే వచ్చేసింది. మిగతా వాటికి గార గీకి, పక్క పళ్ళను నిలబెట్టాడు. ఆయన చల్లగా ఉండాలి. పళ్ళ చదువు చదివిన నా మనవరాలు ఇప్పుడు చెప్పేదీ అదే కథ, పేర్లే బారెడు పొడుగు.

ధనుర్మాసం తొలి వేకువ మందిరంలో "శ్రీరామా" అని ఎత్తుకున్నాను. పంటి సందులోంచి రాముడి కంటే ముందు ఈల వచ్చింది! మళ్ళీ ఎత్తుకున్నాను, మళ్ళీ ఈల. భజన వాళ్ళు తాళాలు వదిలి పొట్టలు పట్టుకున్నారు. నేను లేచి పారిపోబోతే వెనకనుంచి అత్త కేక:

"కూకోయే! పాడు! మందిరానికి సన్నాయి లేదని ఏడిసినాం, రాముడే ఇచ్చీసినాడు!"

నెలంతా పాటా నాదే, సన్నాయీ నాదే. ఆ నెల మందిరానికి జనం ఎన్నడూ రానంత వచ్చారు. భక్తితోనే వచ్చారని నా నమ్మకం.

ఆ సన్నిధిలోనే ప్రమాణం చేశాను: వైద్యుడు "అయితే" అన్నాక, వచ్చింది పుష్పక విమానమైనా సరే, కదలను. నా ఒంట్లో ఎవరు ఏ కాపలా కాసినా దణ్ణం పెడతాను గాని బెల్లం పెట్టను. సాక్షులు, మిగిలిన ముప్పై ఒక్క పళ్ళు.