తల పడమటికి

మా బాపుకు గుంత తవ్వింది ఆయనతో బొగ్గుబాయిలో పనిచేసిన నలుగురు. నస్పూర్‌లో మా సమాధుల తోట నేలంతా మొరం, గడ్డపారకు ఒక పట్టాన లొంగదు. కూలి మాటెత్తితే కొట్టేటట్టు చూశారు. పొద్దున్నే మొదలుపెట్టి, మేం పెట్టె తీసుకుని వెళ్లేసరికి ఛాతీ లోతు తవ్వి, చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డారు.

అవ్వ, అంటే మా అమ్మ, గుంతను ఒక్క చూపు చూసి, "గిండ్ల దించద్దు" అంది.

వాళ్లు తమ ఇంటి ఆచారం ప్రకారం తల దక్షిణానికి వచ్చేలా తవ్వారు. మా సంఘంలో తల పడమటికి పెడతాం. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, చనిపోయినవాళ్లు లేచి నిలబడగానే ఆయన్నే ఎదురుగా చూడాలి. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సింది నేనే. ఏడుపులో మరిచిపోయాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. చర్చి మొహం ఎన్నడూ చూడని మా పెద్దబాపుకు కోపమొచ్చింది. "సచ్చినోనికి దిక్కులేందమ్మా? జనమంత పరేషాన్ అయితుండ్రు." మా సంఘం పాస్టరు అయ్యగారు కూడా మెల్లగా, "ప్రభువుకు అన్ని దిక్కులూ ఒకటేనమ్మా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అరచేతులు బొబ్బలెక్కిన మనుషులను మళ్లీ తవ్వమని ఏ మొహంతో అడగాలి?

అవ్వ పెట్టె మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

"సచ్చినోన్ని పాతిపెడుతలేం బావా, లేశేటోన్ని పండవెడుతున్నం. ముప్పై ఏండ్లు భూమిలకు దిగిండు. దిగినప్పుడల్లా ఎక్కి ఇంటికొచ్చిండు. గీ సావు ఆపుతదా ఆయన్ను?"

నాకు ఒళ్లు మండిపోయింది, అవ్వ మీద కాదు, చావు మీద. రెండేళ్లు బాపుకు దమ్ము, అంటే ఆయాసం, పట్టించి, పడుకోనీయకుండా మంచం మీద కూర్చోబెట్టి, గుక్కెడు గాలి కోసం ఏడిపించింది. ప్రాణం తీసుకున్నది చాలక, ఆయన్ను ఎటు తిప్పి పడుకోబెట్టాలో కూడా అదే చెప్పాలా? కొంగు నడుముకు చెక్కి, గడ్డపార పట్టుకుని గుంతలోకి దిగాను. బడిలో చాక్‌పీసు తప్ప ఏదీ పట్టని చేతులు. నాలుగు పోట్లకే తోలు లేచిపోయింది. పోతే పోనీ అనుకున్నాను.

నలుగురిలో పెద్దాయన, బాపుతో ఒకే షిఫ్టులో దిగి ఎక్కినవాడు, గడ్డపార గుంజుకున్నాడు. "జరుగు బిడ్డా. నువ్వు తవ్వేదాంక ఉంటే మీ బాపు లేశే యాళ్లనే అయితది."

ఏడుస్తూనే నవ్వాను. మిగతా ముగ్గురూ దిగారు. అదే గుంతను అడ్డంగా పెంచడానికి రెండు గంటలు పట్టింది. బాపు తల పడమటికి పెట్టి దించాం. అందరూ సన్నగా పాడుతుంటే నేను అరిచి పాడాను. చావు విననీ, దానికి నేను భయపడడం లేదని తెలియనీ అని పాడాను.

మట్టి వేశాక ఆ పెద్దాయన అవ్వ ముందుకొచ్చి, చేతిలోని తువ్వాల నలుపుతూ నిలబడ్డాడు.

"వదినె, లేశినంక అన్న నన్ను గుర్తు వడతడా?"

"ఎందుకు వట్టడు?" అంది అవ్వ. "గదే పెయ్యి లేస్తది, గవే కాళ్లు చేతులు, గవే కండ్లు. ఒక్క గా దమ్మే ఉండది."