సున్నుండల డబ్బాలో స్ప్రింగులు

దోహా శివార్లలో ఒక షూటింగ్ రేంజిలో తుపాకులు బాగుచేసే పని నాది. నాతో పాటు జగిత్యాల వాడు ఒకడు. వయసులో చిన్న, రేంజికి వచ్చింది కూడా నా తర్వాతే. అయినా అందరి నోటా వాడి మాటే. ఐన్ ఖాలిద్‌లో మా ఇంట్లో సున్నుండలు చుట్టినప్పుడల్లా మా ఆవిడ కూడా "పాపం, లేబర్ క్యాంపులో ఒక్కడే ఉంటాడండీ" అంటూ వాడికో స్టీలు డబ్బా నింపేది. మిగిలినవి నాకు. ఒళ్ళు మండదూ మరి.

పోయిన ఏడాది విడిభాగాల గది ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. ఆ తాళంచెవి నా నడుముకు వేలాడాలని ఎంత ఆశపడ్డానో. తూటాలు పేర్చే మ్యాగజైన్ విప్పడం వాడికి నేర్పిందే నేను. మేనేజరు మాత్రం "యల్లా ఉస్తాద్", అంటే కానీయ్ గురూ, అని వాడి భుజమే తట్టేవాడు. నా భుజానికేం రోగం?

మా దగ్గర మ్యాగజైన్లు ఇన్నే ఉండాలని లైసెన్సులో షరతు. లోపలి స్ప్రింగు నీరసిస్తే కొత్తది వేయొచ్చు, అడుగు మూత పగిలితే మార్చొచ్చు. తీసిన పాతది మాత్రం ఆ రోజే అప్పగించాలి, నుజ్జు చేస్తారు. పాత ముక్కలన్నీ ఒకచోట చేరితే ఇంకో మ్యాగజైన్ అయిపోతుంది మరి. అనుమతి లేని మ్యాగజైన్ దొరికితే కేసే. గదికి మనిషి లేని ఆ రోజుల్లో పాతవి మేనేజరుకు ఇవ్వాలి. ఆయనకు అడిగే తీరిక లేదు.

లైసెన్సు తనిఖీ రేపనగా, స్క్రూడ్రైవర్ కోసం వాడి సొరుగు లాగితే మా సున్నుండల డబ్బా. మూత తీస్తే పాత స్ప్రింగులు, అడుగు మూతలు, బీటలిచ్చిన మ్యాగజైన్ పెట్టె ఒకటి. బిగిస్తే నిక్షేపంగా ఒక మ్యాగజైన్.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"పారేయబుద్ధి గాలే అన్నా. ఎప్పుడన్న పనికొస్తయని పెట్టిన. వదినకు డబ్బ ఖాళీగ ఎట్లియ్యాలె? ఏదన్న ఏసి ఇద్దామని ఆగిన."

మనవాళ్ళంతే. విరిగిన గరిటె కూడా అటకెక్కిస్తాం. ఎవరి గిన్నె వచ్చినా ఖాళీగా తిప్పి పంపం. ఆ అలవాటే వీణ్ణి జైలుకు పంపేలా ఉంది. నేను నోరు మూసుకుంటే తాళంచెవి నాదే. ఆ ఆలోచన పాయసంలా తియ్యగా ఉందన్న మాట దాచను. కానీ దేశం కాని దేశం. వాడి భార్య ఫోనులో "దుబాయ్‌ల మంచిగున్నవా" అని అడగడం నేను విన్నవాణ్ణి, ఆమెకు గల్ఫంతా దుబాయే. "వెధవా, ఇప్పుడే పోయి అప్పజెప్పు" అని తిట్టాను.

వాడు డబ్బాతో నేరుగా మేనేజరు దగ్గరికి పోయి అంతా ఒప్పుకున్నాడు. "అన్న చెప్పిండు" అని కూడా అన్నాడట. అది ఆయన చెవికెక్కలేదు. తన తప్పు తనే బయటపెట్టేవాడి దగ్గర తాళాలు భద్రంగా ఉంటాయన్నాడు. తనిఖీ సాఫీగా గడిచింది, తాళంచెవి వాడి నడుముకెక్కింది. ఇప్పుడు నాకు స్ప్రింగు కావాలంటే వాడి కిటికీ ముందు నిలబడాలి. "పాతది ఏది అన్నా?" అని వాడు చెయ్యి చాపినప్పుడల్లా పాతది అందులో పెట్టి రావాలి.

తాళంచెవి దక్కిన ఆ వారం శుక్రవారమే వాడు మా ఇంటికొచ్చి, తళతళలాడేలా తోమిన డబ్బా మా ఆవిడ చేతికిచ్చాడు. నిండా ఖర్జూరాలు. ఆవిడ మురిసిపోయింది.

"చూశారా ఎంత మర్యాదో. ప్రమోషన్ కూడా వచ్చిందట, మీరు చెప్పనే లేదు" అంది.

మర్నాడు నేను డ్యూటీకి బయల్దేరుతుంటే అదే డబ్బా నిండా సున్నుండలు పెట్టి నా చేతికిచ్చింది, వాడికిమ్మని.