తెలిసిందే అడిగే అక్క

నా చిన్నప్పుడు, ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం ఖతార్‌లోని దోహాలో ఏ వీధి చూసినా తవ్విపోసి ఉన్న రోజుల్లో, నాకు మాట పడిపోయిందని మా అమ్మ భయపడింది. ఆర్మూరు పక్కన మా ఊళ్ళో నేను ఒట్టి వాగుడుకాయని. దోహాలో అల్ ముంతజా పేటలోని అద్దె గదికి వచ్చాక మాట్లాడేవాళ్ళే లేరు. నాన్న సైట్ సూపర్‌వైజర్, చీకటితో డ్యూటీకి పోయి చీకటి పడ్డాకే వచ్చేవాడు. అమ్మ ఒక ఇంట్లో వంటకు పోయేది. బడిలో చేర్చడానికి తీసుకెళ్తే, టీచరమ్మ ఏం అడిగినా నేను నోరు తెరవలేదు. ఇంకోసారి చూస్తామన్నారు. అప్పుడూ ఇంతే అయితే ఊరికి, అమ్మమ్మ దగ్గరికి పంపేయాల్సిందేనన్నాడు నాన్న. అమ్మను వదిలి ఉండటమంటే నాకు ప్రాణం పోయినట్టే. అయినా మాట వచ్చేది కాదు.

అమ్మ పనికి పోతే నన్ను పక్కింటి అక్క తన దుకాణానికి తీసుకెళ్ళేది. ఆమె ఆర్మూరులో పుట్టి పెరిగిన సాయిబుల పిల్ల, ఒంటరిగా వచ్చి అక్కడ పనిచేస్తోంది. ముషైరిబ్ దగ్గర, ఐర్లాండ్ దేశపు కానుకలు అమ్మే చిన్న దుకాణం అది. పెనం లేకుండా రొట్టె కాలే ఎండల్లో ఉన్ని శాలువాలు, ఉన్ని టోపీలు! కొనేది మాత్రం స్టేడియాల పనికొచ్చిన ఆ దేశపు ఇంజినీర్లే. పిల్లల పుట్టినరోజుకనో, పండుగకనో వచ్చి ఏదో ఒకటి పట్టుకుపోయేవారు.

శుక్రవారం సాయంత్రాలు ఆ ఇంజినీర్లలోనే ఒక పెద్దాయన వచ్చేవాడు. ఏదీ కొనడు. అక్క ప్రతిసారీ ఒక వెండి ఉంగరం తీసి ఆయన ముందు పెట్టి, దీని సంగతేమిటని అడిగేది. రెండు చేతులు గుండెను పట్టుకున్నట్టుండే ఉంగరం. ఆయన కుర్చీ లాక్కుని మొదలుపెట్టేవాడు. గుండె మొన మనవైపు తిరిగుంటే మనసు ఇచ్చేసినట్టట, వేలి చివరివైపు ఉంటే ఇంకా ఎవరూ లేనట్టట. అక్కడినుంచి వాళ్ళ ఊరు, వాన, వాళ్ళమ్మ. ఆయన ఇంగ్లీషును మొదటిసారి అక్క నాకు తెలుగులో చెప్పింది, తర్వాత ఆయన చేతులు చూస్తేనే తెలిసిపోయేది. ఎవరికైనా కొనొచ్చు కదా అని అక్క ఒకసారి అంటే, ఖాళీ చేతులు చూపించి "మాఫీ" అన్నాడు, అక్కడి అరబ్బీలో లేదని. ఇంటి దగ్గర ఇచ్చుకోవడానికి ఎవరూ మిగల్లేదట.

ఒక శుక్రవారం ఆయన అటు వెళ్ళగానే నాకు ఒళ్ళు మండింది. "పోయిన వారం గూడ ఇదే చెప్పిండు గదా అక్కా! నీకు యాదికుండదా?" అన్నాను. నెలల తర్వాత నా నోటివెంట వచ్చిన మొదటి మాట అది. అక్క ఉలిక్కిపడనైనా లేదు.

"నాకెందుకు ఎర్కలేదు బేటా. పనిల చేరిన దినమే నేర్పిన్రు ఆ ముచ్చట. ఆయన కొననీకె రాడు. ఇంత పెద్ద షహర్ల ఆయన ఊరి గురించి అడిగెటోళ్ళు ఎవలున్నరు? అడిగెటోళ్ళు లేకుంటే మనిషికి నోరు పూడుకపోతది."

ఇంటికి పోతూ బస్సు కోసం నిలబడ్డాం. అక్క ఎప్పటిలాగే, "మీ కాడ బతుకమ్మకు ముందుగాల ఏ పువ్వు పెడ్తరు?" అని అడిగింది. రోజూ అడిగేది, రోజూ నేను ముఖం తిప్పుకునేదాన్ని. తన ఇంటిముందే బతుకమ్మ ఆడుతుంటే చూస్తూ పెరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా! అప్పుడు అర్థమై ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పాను, అడుగున గుమ్మడాకు, మీద తంగేడు, రంగులద్దిన గునుగు. మా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అక్క "అచ్ఛా? గట్లనా?" అంటూ వింటూనే ఉంది.

తర్వాత బడిలో టీచరమ్మ పేరడిగితే ఊరు కూడా కలిపి చెప్పాను. చేర్చుకున్నారు. అమ్మ దగ్గరే ఉండిపోయాను. ఆ పెద్దాయన మాత్రం పని ముగిసిందో ఏమో, రావడం మానేశాడు. శుక్రవారాలు అక్క చాలాకాలం తలుపువైపు చూసేది.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్నాను. అక్క అక్కడే ఉండిపోయింది, ఒక్కతే. సెలవు రోజున ఫోన్ చేసి, మొదటిసారి విమానం దిగినప్పుడు ఎట్లనిపించిందక్కా అని అడుగుతాను. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు తెలియకపోదు. అయినా గొంతు సవరించుకుని మొదటినుంచి చెబుతుంది. తర్వాతి మాట నా నాలుక చివరిదాకా వస్తుంది, మింగేస్తాను. "అచ్ఛా? గట్లనా?" అంటాను.