కళ్లంలో చట్టం చదివించిన సాయిబు గారు

మొన్న గురువారం ఉదయం నాయుడుపేట బస్సు స్టాండులో కాఫీ గ్లాసు ఇంకా నోటి దాకా వెళ్లకముందే మా మిల్లు లారీ డ్రైవరు పరుగున వచ్చి, "పంతులయ్యా, మన సాయిబు గారు పోయినారు" అన్నాడు. నేను నమ్మలేదు. ఎవరిని చూసి ఎవరనుకున్నావని వాణ్ణి కసిరాను కూడా. ముందురోజు సాయంత్రమే కదా, నా కళ్లజోడు మురికిగా ఉందని ఆ మహానుభావుడు తన భుజం మీది తువ్వాలుతో తుడిచి ఇచ్చింది! కొడవలూరు మస్తాన్ సాయిబు గారు ఇక లేరన్న మాట రాయడానికి ఈ క్షణానికీ నా చేయి మొరాయిస్తోంది.

అయినా ఈ వ్యాసాన్ని కన్నీళ్లతో నింపితే ఆయన ఊరుకోరు. పదకొండేళ్లు ఆయన దగ్గర గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఆయన నవ్వు వినపడని రోజులను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఆయనది ఉప్పుడు బియ్యం మిల్లు. దాని ముందే ఉడికిన వడ్లు ఎండబోసే కళ్లం. తండ్రి నాటికి పట్టుమని పదిమంది లేని చోట ఆయన హయాంలో అరవై మంది దాకా చేరారు. మనుషులు పెరిగేకొద్దీ చట్టాలూ పెరిగాయి. పని గంటలకు ఒకటి, వారపు సెలవుకు ఒకటి, కనీస వేతనానికి ఒకటి. ఒకటి ఒంటబట్టేలోగా దానికో సవరణ. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చుట్టుపక్కల మిల్లుల యజమానులు తలలు పట్టుకునేవారు. మా సాయిబు గారికి మాత్రం నెల్లూరు వకీలు దగ్గర నుంచి కొత్త చట్టం కవరు వస్తే పెళ్లి శుభలేఖ వచ్చినంత సంబరం. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకొచ్చిన ఇంగ్లీషు ఏపాటిదో ఆయనకు తెలియకపోవడం నా అదృష్టం.

చట్టంలోని ముఖ్యాంశాలను పనివాళ్లకు అర్థమయ్యే భాషలో గోడకు అంటించాలని నిబంధన. అంటించాం. మూడోనాడు ఆయన ఆ కాగితం ముందు నిలబడి, "మన కళ్లంలో సదువొచ్చినోళ్లు ఎంతమంది పంతులూ?" అని అడిగారు. నలుగురన్నాను. "మరి మిగతావోళ్ల చెవులకు దీన్ని ఎట్టా అంటిస్తావు?" అన్నారు. ఆ వారం నుంచే మా శనివారం చదువు మొదలైంది. సాయంత్రం ఎండిన వడ్లను కుప్పచేసి పట్టాలు కప్పగానే, వేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఆయనే స్వయంగా మోగించేవారు. నేను చట్టాన్ని తెలుగులో చదవాలి. నా నోట ఎక్కడైనా సంస్కృత సమాసం దొర్లిందా, "ఇంకోసారి సదువు పంతులూ, ఈతూరి మనుషుల మాటల్లో" అనేవారు. తర్వాత ప్రశ్నలు. జవాబు చెప్పినవాళ్లకు దోసెడు బొరుగులు, బెల్లం ముక్క. ఆ బొరుగుల మహిమ వల్ల వడ్లు ఎండబోసే ఆడవాళ్లు ఓవర్‌టైము నియమాలను నాకంటే బాగా అప్పజెప్పేవారు. ఒకసారి ఇన్‌స్పెక్టరు గారే ఒక నియమాన్ని తప్పు చెబితే ఒక ముసలమ్మ ఆయన్ని సరిదిద్దింది. ఆ రోజు ఆమెకు సాయిబు గారు బొరుగుల బస్తానే ఇప్పించారు.

అంతటి నవ్వుల మనిషి నవ్వు మరచిన సందర్భం ఒకటుంది. మా మిల్లులో తండ్రి నాటి ఆచారం ఒకటి నడిచేది. పనిచేసే ఆడమనిషికి ఏడో నెల రాగానే చీర, గాజులు, పసుపు కుంకుమలు, అరబస్తా బియ్యం ఇచ్చి పుట్టింటికి పంపేవారు. మరునాడే ఆమె చోట ఇంకొకరు చేరేవారు. ఆ చీర పెట్టడం సాయిబు గారికి గర్వం, దాన్ని ఎంచి తేవడం నాకు గర్వం. చట్టాల్లో దీని గురించి ఏముందో మేమిద్దరం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. కళ్లంలో వడ్లు ఎండబోసే చెంగమ్మకు కూడా అలాగే ఆకుపచ్చ చీర పెట్టి ముత్తుకూరు పంపించాం. వెళ్లేటప్పుడు ఆమె ఏడిస్తే సంతోషం పట్టలేక అనుకున్నాం.

పదిరోజులకు వకీలు కవరు వచ్చింది. కానుపుకు వెళ్లే మనిషికి జీతంతో సెలవివ్వాలి, ఆ వంకన పనిలోంచి తీసేయకూడదు. చదివాను. "ఇంకోసారి సదువు" అన్నారు. చదివాను. మూడోసారి కూడా చదివించుకుని లేచి చెప్పులు వేసుకున్నారు. కాగితం ఇప్పుడే కదా వచ్చింది, ఆమెను పంపినప్పుడు మనకు తెలియదు కదా అని ముత్తుకూరు బస్సులో దారి పొడవునా వాదించాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "తెలవకపోయింది మనకు పంతులూ, పని పోయింది మాత్రం ఆ బిడ్డకు" అన్నారు.

చెంగమ్మ తల్లి మమ్మల్ని చూసి హడలిపోయింది. గబగబా లోపలికి పోయి, మడత విప్పని ఆకుపచ్చ చీరనూ గాజులనూ తెచ్చి ఆయన ముందు పెట్టి, "బియ్యం కొంచిం తినేసినాం సాయిబయ్యా, మిగతాది ఎత్తకపోండి" అంది. ఇచ్చినవి వెనక్కు తీసుకోవడానికి వచ్చామనుకుంది పాపం! నాకు నవ్వొచ్చింది గాని ఆయన నవ్వలేదు. "చీర ఎందుకు కట్టుకోలేదమ్మా?" అని చెంగమ్మను అడిగారు.

ఆమె తల వంచుకుని, "అది కట్టుకుంటే పని పోయినట్టే గదయ్యా" అంది.

ఆయన అరుగు మీద కూలబడ్డారు. నావైపు తిరిగి, "సదువు పంతులూ" అన్నారు. ఆ పూరింటి ముందు నిలబడి చట్టం మొత్తం చదివాను. "అయితే బిడ్డనెత్తుకోని మళ్లా రావచ్చునా అయ్యా?" అని చెంగమ్మ అడిగింది. "నీ చోటు నీదేనమ్మా. ఆడ చేరినామెకు ఇంకో పని చూస్తా. సెలవు జీతం పంతులు తెచ్చిస్తాడు. తప్పు నాది" అన్నారాయన. అప్పుడు నవ్వింది చూడండి ఆ పిల్ల! ఇంకోసారి చదవమని తనే నన్ను అడిగింది. తిరుగు ప్రయాణంలో సాయిబు గారి నవ్వు బస్సంతా వినిపించింది.

ఆనాటి నుంచి మా మిల్లులో చీర పెట్టేది వెళ్లే రోజున కాదు, బిడ్డను చంకన వేసుకుని తిరిగి పనిలోకి వచ్చిన రోజున. కళ్లం పక్కనే పందిరి వేయించి ఉయ్యాలలు కట్టించారు. ఆ ఉయ్యాలల తాళ్లు సరిచూసే ఉద్యోగం కూడా నాకే దక్కింది.

గురువారం జనాజా లేచే ముందు కళ్లంలోని ఆడవాళ్లంతా ఇంటి ముందుకు వచ్చారు. చెంగమ్మ ఆ ఆకుపచ్చ చీరే కట్టుకుని ఉంది. శనివారం మిల్లు తెరిచాం. ఆయన బల్ల మీద వకీలు పంపిన కొత్త కవరు విప్పకుండా ఉంది. దాన్ని ముట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. సాయంత్రం రైలుపట్టా మోగింది. ఉలిక్కిపడి బయటికి వస్తే, మోగిస్తున్నది చెంగమ్మ. అందరూ వరసగా కూర్చుని ఉన్నారు. బొరుగుల గంప కూడా వాళ్లే తెచ్చుకున్నారు.

కవరు చించి చదివాను. సగంలో కళ్లజోడు మసకబారి వరసలు తప్పాను. నేను చదివింది ఎవరికీ అర్థమై ఉండదు. ఈ జిల్లాలో మిల్లులకు యజమానులు ఇంకా వస్తారు. పనివాళ్ల హక్కును వాళ్లకు తానే పిలిచి వినిపించి, వాళ్లు నేర్చుకుంటే పండగ చేసుకునే యజమాని మాకు మళ్లీ దొరకడు. ఆ పుణ్యమూర్తి ఖాళీ కుర్చీకి చేతులు జోడించి కాగితం మడవబోయాను.

"ఇంకోసారి సదువు పంతులయ్యా" అంది చెంగమ్మ.

కళ్లజోడు తుడుచుకుని, మొదటి నుంచీ చదివాను.