ట్రేకు వేసిన కుట్లు

నవంబరు మొదట్లో, పగలు పదకొండింటికి సరిహద్దులోని సైనిక పోస్టు చేరాం. పదహారు వేల అడుగుల ఎత్తు. మూడు బంకర్లు, ఒక జనరేటరు, చుట్టూ మంచు. నేను మెకానిక్‌ని. జనరేటరూ పనిముట్ల పెట్టే నాకు అప్పగించారు. పెట్టెలో అరలున్న ప్లాస్టిక్ ట్రే. ఒక్కో పానాకు ఒక్కో అర. చేతొడుగులతో, చూడకుండానే తడిమి తీయొచ్చు.

మా గస్తీని నడిపే నాయక్‌ది నంద్యాల. నాది ఆళ్లగడ్డ అనగానే నవ్వాడు.

"విగ్రహాలు చెక్కేటోళ్ల ఊరా! అయితే నువ్వు మాకు సామివి."

ఆ పేరే ఖాయమైంది. పొద్దున స్తోత్రం చదవనిదే నేను టీ ముట్టేవాణ్ణి కాదు మరి.

మూడో వారం చలికి ట్రే పగిలింది. ఒక మూల ఊడింది. అక్కడి నుంచి అడుగున సగం దాకా బీట.

మా నాయన శిల్పి. అహోబిలంలో స్వామి ముందు గోష్ఠిలో, నలుగురితో కలిసి, పాశురాలు పాడతారు. భిన్నమైన విగ్రహం ఇంట ఉండకూడదని, నీళ్లలో వదలాలని వింటూ పెరిగాను. పగిలినదేదైనా నాకు అంతే. ట్రేను చెత్త గుంట పక్కన పడేశాను. పానాలు గోనెపట్టాలో చుట్టాను.

"అతుకు పెట్టుకోరాదా సామీ?" అన్నాడు నాయక్.

"పగిలిందాన్ని పెట్టుకోగూడదన్నా. అరిష్టం."

"ట్రేకు గూడా ప్రాణప్రతిష్ఠ చేస్తారా ఏంది మీ ఊర్లో?"

బంకరంతా నవ్వింది. నేను నవ్వలేదు.

పది రోజులకు నాయక్ ముగ్గురితో గస్తీకి వెళ్లాడు. మధ్యాహ్నం రెండింటికి జనరేటరు ఆగింది. రెండూ పదికి కింది నుంచి రేడియోలో కబురు: మంచు తుఫాను వస్తోంది, గస్తీని వెనక్కి పిలవండి. బ్యాటరీలో మిగిలిన కరెంటు వినడానికి సరిపోయింది. పంపడానికి చాలలేదు.

డీజిల్ పైపు నట్టు వదులు చేసి గాలి తీయాలి. ఐదు నిమిషాల పని. పదమూడో నంబరు పానా కావాలి. గోనెపట్టా తడిసి, గడ్డకట్టి, పానాలన్నీ ఒకే ముద్దయ్యాయి. నేలకేసి కొట్టాను. స్టవ్ దగ్గర పెట్టాను. పానా చేతికొచ్చేసరికి రెండూ యాభై. ఐదు నిమిషాల్లో జనరేటరు నడిచింది.

"గస్తీ, వెనక్కి రండి. వెంటనే," అన్నాడు రేడియో ఆపరేటరు.

"అందింది. తుఫానులోనే ఉన్నాం."

ఆరింటికి నలుగురూ చేరారు. నాయక్ కుడిచేతి తొడుగు గాలికి పోయింది. రెండు వేళ్లు నల్లబడ్డాయి. మబ్బు విడవక నాలుగు రోజులు హెలికాప్టరు రాలేదు.

గస్తీ తిరిగొచ్చిన మర్నాడు, పోస్టులోని శాటిలైట్ ఫోనులో నాయనకు చెప్పాను.

"పూజకు పనికిరాదంటిమి గానీ, పనికి పనికిరాదని యెవురు చెప్పినార్రా నీకు? బీట యాడ నిలిచిందో ఆడ బెజ్జం ఎయ్. ఇంగ ముందుకు పోదు. రాయి పెచ్చు లేస్తే ఆ రాతిపొడితోనే గదా అతికేది? దాని ముక్కే దానికి పెట్టు."

మంచు తవ్వి ట్రే తెచ్చాను. మేకు కాల్చి బీట చివర బెజ్జం వేశాను. అటూ ఇటూ చిన్న బెజ్జాలు పెట్టి రాగి తీగతో కుట్టాను. ఊడిన మూలలోంచి ముక్కలు కోసి, కరిగించి బీటలో నింపాను. అడుగున రేషన్ డబ్బా రేకు బిగించాను.

తీగ లాగుతుంటే ట్రే కదిలిపోతోంది. నాయక్ వచ్చి ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"తప్పయిందన్నా."

"శాపం పెట్టేదానికి నేనేం మునినా? తీగ గట్టిగా లాగు."

ఐదో రోజు హెలికాప్టరు ఎక్కాడు. ఆసుపత్రిలో రెండు వేళ్లూ తీసేశారు. పోస్టులో నా గడువు ముగిశాక ఆ ట్రేతోనే పెట్టె అప్పగించాను. కుట్లు ఒక్కటీ ఊడలేదు.

నేను ఊరికొచ్చిన రోజు నంద్యాల స్టేషన్‌కు నాయకే వచ్చాడు. నా ట్రంకు ఎడమచేత్తో ఎత్తి, ఆళ్లగడ్డ బస్సు ఎక్కించాడు.

శత్రువును చూశావా అని ఊళ్లో అడుగుతారు. లేదంటాను. ఇప్పుడు నాయన పక్కన గోష్ఠిలో నిలబడతాను. స్వామి ముందు చేతులు జోడించినప్పుడల్లా ఆ బంకరే కనిపిస్తుంది. ట్రే కదిలినప్పుడల్లా, పట్టుకుందామని, కట్టు కట్టిన నాయక్ కుడిచెయ్యి అలవాటుగా లేచేది. సగం దాకా వచ్చి, మళ్లీ ఒళ్లోకి దిగేది.